బొమ్మ ఆగని ముఖం

“మళ్ళీ మొదటినుంచి పెట్టు,” అంది పోలీసు సార్జెంట్ ఇరీనీ కొండోస్.

జానిస్ పెట్రీ చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని ల్యాప్‌టాప్ ముందుకు జరిగింది. ఇప్పటిదాకా ఆ చేతులతోనే ఎవరికో ఎర రొయ్యలు తూచి ఇచ్చింది.

“ఎన్నిసార్లు చూస్తావమ్మాయ్? ఫుట్‌బాల్ క్లబ్బు మీటింగిది. ఒకసారి కూర్చోవడమే శిక్ష.”

“శిక్ష ఇంకొకడికి పడబోతోంది. పెట్టు.”

ఈస్టర్ ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలు. ఆడిలైడ్‌కి దూరంగా సముద్రం ఒడ్డునున్న కార్బీ పాయింట్ అనే ఊళ్ళో జానిస్ నడిపే ఎరల దుకాణం వెనక గది అది. ముందు గదిలో పడవలవాళ్ళు బారులు తీరి ఉన్నారు. మామూలు రోజుల్లో ఊళ్ళో తొమ్మిది వందలమంది. ఈస్టర్ సెలవలకి జనం తమ బండి ఇళ్ళతో, కారవాన్లతో, దిగితే ఆ లెక్క నాలుగింతలు.

నిన్న రాత్రి అఖాతానికి అవతలి గట్టున నెవిల్ హాకింగ్ తన ఆల్చిప్పల షెడ్డులో చనిపోయాడు. చిప్పలు తెరిచే కత్తితో ఎవరో పొడిచారు. కత్తి మీద అతని పనివాడు ఎడ్విన్ టారి వేలిముద్రలున్నాయి. ఎడ్విన్ వనువాటు దీవులనుంచి సీజన్ పనికి వచ్చినవాడు. పోలీసులకి ఫోన్ చేసింది అతనే. లాకప్‌లో ఉన్నదీ అతనే. ఈ సాయంత్రం ఏడింటికి అతన్ని జిల్లా లాకప్‌కి తరలిస్తారు. తెల్లారితే కోర్టు. ఆ తర్వాత కేసు ఇరీనీ చేతిలో ఉండదు.

అనుమానించాల్సిన మనిషి ఇంకొకడున్నాడు. రస్ ట్రెజైస్. ఆల్చిప్పలు పెంచే నీళ్ళ లీజు అతని పేరునా, నెవిల్ పేరునా కలిపి ఉంది. ఒక కంపెనీకి అమ్మేద్దామని రస్, చచ్చినా సంతకం పెట్టనని నెవిల్, ఏడాదిగా కొట్టుకుంటున్నారు. అయితే నిన్న ఏడింటినుంచి ఎనిమిదిదాకా రస్ క్లబ్బు కమిటీ మీటింగులో ఉన్నాడు. వీడియోలో, ఊళ్ళో తన ఇంటినుంచి. ఎడ్విన్ ఫోన్ చేసింది ఎనిమిదింపావుకి. అఖాతం మధ్యలో ఇసుక తిన్నెలు, పడవ అడ్డంగా పోదు. చుట్టూ మట్టి రోడ్డులో ఎంత తోలినా నలభై నిమిషాలు.

ఈస్టర్ శనివారం కమిటీ ఎప్పుడూ వీడియోలోనే కూర్చుంటుంది. క్లబ్బు గదిని పండగ జనానికి అద్దెకిస్తారు. ప్రతివాళ్ళూ వెనకాల క్లబ్బు జెర్సీ తగిలించుకుని కూర్చోవాలని ఒక నియమం. తగిలించనివాడు తర్వాతి వారం అందరికీ బీరు పోయించాలి. అందుకని ఎవరి వెనక చూసినా పసుపూ నలుపూ చారలే. గోడ ఎవరిదో, ఇల్లు ఎవరిదో కనపడదు.

కమిటీలో ఆరుగురు. అధ్యక్షుడు రస్, కార్యదర్శి జానిస్, టీమ్ ఎంపిక చేసే సీనియర్ కానిస్టేబుల్ డీన్ ష్రోడర్, ఇంకో ముగ్గురు. మాట్లాడేవాళ్ళ ముఖం మాత్రమే తెర నిండా వస్తోంది.

“ఇదిగో, ఇది నేను,” అంది జానిస్. “నోరు తెరుచుకుని ఎలా ఆగిపోయానో చూడు, గాలం మింగిన చేపలా. సగం మాటలు ఎటు పోయాయో.”

“నువ్వు ఇంటి మోడెమ్ మీద ఉన్నావా?”

“మోడెమ్ ఆరింటికే చతికిలపడింది. ఫోన్ మీద మాట్లాడా. అదీ అంతే.”

తెర మీద కోశాధికారి వచ్చాడు. పెదవులు ఒకచోట, మాట ఇంకోచోట. తర్వాతివాడి ముఖం చతురస్రాలుగా విడిపోయింది. ఆ తర్వాత రస్. కాంటీన్ ఫ్రిజ్ గురించి నాలుగు నిమిషాలు మాట్లాడాడు. బొమ్మ ఒక్కసారీ ఆగలేదు. అతను గడ్డం గోక్కోవడం కూడా కనపడింది.

“ఈ రికార్డింగు నీ ఫోన్లో అయిందా?”

“నాకా తెలివి? మీటింగు నడిపే కంపెనీవాళ్ళ దగ్గరే అవుతుంది. పొద్దున నాకు పంపారు. నేను చేత్తో మినిట్స్ రాయనుగా.”

“అంటే ఎవరి దగ్గరినుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది.”

“అవును. నిన్న నాకు అందరూ ముక్కలుముక్కలుగానే వచ్చారు. ఇందులో చూస్తే రస్ ఒక్కడు నున్నగా వచ్చాడు. ఏముంది, వాడి ఇల్లు సెల్ టవర్ కాళ్ళ దగ్గరేగా.”

ముందు గదిలో ఎవరో బల్ల మీద చిల్లర మోగించారు. “వస్తున్నా బాబూ, ఎరలు ఎక్కడికీ పారిపోవు!” అని జానిస్ లేచింది. రికార్డింగు సగంలో ఆగింది.

“మిగతాది నువ్వు చివరిదాకా విను,” అంది ఇరీనీ. “ఇంకెవరైనా విరక్కుండా మాట్లాడారేమో చూసి నాకు ఫోన్ చెయ్యి. వీడియో వద్దు, మామూలు ఫోన్.”

* * *

లాకప్‌లో ఎడ్విన్ బల్ల అంచున కూర్చున్నాడు. వయసు ఇరవై ఆరు. చేతులకి ఇంకా ఆల్చిప్పల గీతలున్నాయి.

“కత్తి మీద నీ వేళ్ళెందుకున్నాయి?”

“అది నా కత్తే మేడం. రోజూ దాంతోనే పని.”

“నిన్న రాత్రి మళ్ళీ చెప్పు.”

“గదిలో మా ఆవిడతో వీడియో మాట్లాడుతున్నా. పాపకి పళ్ళొస్తున్నాయి, చూపిస్తోంది. పెట్టేసి స్నానం చేశాను. అప్పుడు షెడ్డులో అరుపులు. నెవిల్ అయ్య, ఇంకో ఇద్దరు. ఒకడు అరిచాడు. రెండోవాడు అరవలేదు, మెల్లగా మాట్లాడాడు. ఆ తర్వాత బండ్లు వెళ్ళిన చప్పుడు. నేను వెళ్ళేసరికి అయ్య కింద పడి ఉన్నాడు.”

“వీడియో బాగా వచ్చిందా?”

ఎడ్విన్ తలెత్తాడు. ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు.

“మా గట్టున ఎప్పుడూ బాగానే వస్తుంది మేడం. గోధుమ గిడ్డంగుల దగ్గర వేరే టవర్ ఉంది. దానికి మేమూ, నలుగురు రైతులూ తప్ప ఎవరున్నారు? ఊళ్ళోకొస్తేనే రాదు. ఆదివారాలు మావాళ్ళు ఊళ్ళోంచి మా గట్టుకొచ్చి ఇళ్ళకి మాట్లాడుకుంటారు.”

“ఆ మెల్లగా మాట్లాడినవాడి గొంతు మళ్ళీ వింటే గుర్తుపడతావా?”

తలుపు దగ్గర అడుగుల చప్పుడైంది. డీన్ ష్రోడర్ టీ కప్పు పట్టుకుని నిలబడ్డాడు. ఎడ్విన్ నేలకేసి చూశాడు. యూనిఫాం చూసి బెదిరాడనుకుంది ఇరీనీ.

“ఏడింటికి నేను తీసుకెళ్తున్నా మేడం,” అన్నాడు డీన్. “పాపం, పొద్దున్నుంచి ఏం తినలేదు. దారిలో ఏదైనా పెట్టిస్తాలెండి.”

“ఇద్దరు వెళ్ళాలిగా?”

“మిగతావాళ్ళంతా రోడ్ల మీద తాగిన డ్రైవర్లని పడుతున్నారు. ఇన్‌స్పెక్టర్ గారు ఒక్కణ్ణే వెళ్ళమన్నారు. ఫర్వాలేదు, నాకలవాటే.”

ఆడిలైడ్ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ గ్రాంట్ పిల్‌బీమ్ ఇరీనీ గదిలో, ఇరీనీ కుర్చీలో ఉన్నాడు. ఆమె చెప్పిందంతా కాగితాల మీదనుంచి కళ్ళెత్తకుండా విన్నాడు.

“ఒకసారి సరిగ్గా అర్థం చేసుకోనివ్వండి కొండోస్ గారూ. కత్తి మీద ఇతని వేళ్ళు. ఘటనాస్థలంలో ఇతను. అయినా హంతకుడు రస్. ఎందుకంటే రస్‌కి నెట్ బాగా వచ్చింది.”

“అవును.”

“మా ఇంట్లోనూ బాగా వస్తుంది. నన్నూ పట్టుకుంటారా?”

“మీ ఇంటికి నేలలోంచి తీగ వస్తుంది. ఇక్కడ రాదు. ఇక్కడ ఇంటి నెట్ అంటే కిటికీలో ఒక మోడెమ్. అది ఫోన్ లాగే టవర్‌కి తగులుకుంటుంది. ఊరంతటికీ ఉన్నది ఒక్క టవర్.”

“ఆ టవర్ పక్కనే ఆయన ఇల్లు. వచ్చేటప్పుడు చూశాను. సిగ్నల్ దంచేస్తుంది.”

“ఊరంతా చేసే పొరపాటే మీరూ చేస్తున్నారు.” ఇరీనీ కిటికీలోంచి రేవు చూపించింది. పడవల్ని లాగే బండ్లు రోడ్డు మలుపుదాకా నిలబడ్డాయి. “ఆ రేవు పక్క ఇల్లు మా నాన్నది. రేవులోకి ఒకసారి రెండు పడవలే దిగుతాయి. పక్కనే ఉన్నామని ఈస్టర్ రోజు మా పడవ ముందు దిగలేదు. అందరితోపాటే నిలబడ్డాం. దగ్గరగా ఉంటే రేవు కనపడుతుంది. వరస తగ్గదు.”

“బాగుంది. పడవల కథ.”

“ఇంకా ఉంది. వేటకెళ్ళే పడవలొస్తే సరదా పడవలు పక్కకి తప్పుకోవాలి. టవర్ దగ్గరా అంతే. కిటకిటలాడుతుంటే కంపెనీ ముందు ఫోన్లకిస్తుంది, మిగిలింది ఇంటి మోడెములకి. నిన్న ఏడింటికి ఫోన్లకే దిక్కులేదు. జానిస్ ఫోన్ మీద ఉండి కూడా విరిగింది. అలాంటప్పుడు టవర్ కింద కూర్చున్న రస్ గడ్డం గోక్కోవడం నాకు కనపడింది.”

“అయితే?”

“అతను ఈ టవర్ మీద లేడు. అవతలి గట్టు టవర్ మీద ఉన్నాడు. అక్కడ వరసే లేదు.”

పిల్‌బీమ్ కాగితాలు సర్దాడు. “ఎవరి ఫోన్ ఏ టవర్‌కి తగిలిందో కంపెనీని అడిగారా?”

“పొద్దున్నే అడిగాను. పండగ సెలవలు. మంగళవారం ఇస్తామన్నారు.”

“మంగళవారం చూద్దాం. ముద్దాయి మాత్రం ఇవాళే వెళ్తాడు. జ్యూరీ ముందు నిలబడి రేవు గురించి చెప్పే ధైర్యం నాకు లేదు. చేపలు పట్టే ఊళ్ళో పెరిగారు, ప్రతిదీ గాలంలా కనపడటం సహజం.”

“మీరు కుర్చీలో పెరిగినట్టున్నారు. అది నా కుర్చీ.”

అతను లేవలేదు. ఇరీనీ ట్యాబ్లెట్ తీసుకుని బయటికి నడిచింది.

* * *

రస్ ఇంటికి ఆమె కావాలనే ఆరున్నర తర్వాత వెళ్ళింది. ఆ వేళకి పడవలు గట్టెక్కుతాయి. కారవాన్లలో పిల్లలు స్నానాలు చేసి తెరల ముందు కూర్చుంటారు.

ముందు ఇంటి చుట్టూ తిరిగింది. కప్పు మీద ఉపగ్రహం డిష్ లేదు. గోడలోకి వెళ్ళే తీగ కరెంటుది ఒక్కటే. గుట్ట మీద, నూరు గజాల్లో, టవర్. దాని నీడ ఇంటి వాకిలిదాకా పడుతోంది.

“ఇల్లు కొంటావా ఏంటి ఇరీనీ?” రస్ వాకిట్లోంచి అడిగాడు. ఇద్దరూ ఒకే బడిలో చదివారు. “లోపలికి రా. సాసేజులు వేయిస్తున్నా.”

“తినడానికి రాలేదు. నిన్న మీటింగులో ఎక్కడ కూర్చున్నావు?”

“ఇదిగో, ఈ వంటింటి బల్ల దగ్గరే.” జెర్సీ ఇంకా గోడకి వేలాడుతోంది. “నెవిల్ పోయాడని నాకూ బాధగానే ఉంది. కొట్టుకున్నాం, నిజమే. అంతమాత్రాన పొడుస్తానా?”

“మీటింగు దేని మీద చూశావు?”

“ల్యాప్‌టాప్ మీద. నెట్ ఆ మోడెమ్‌దే. చూడు, గీతలన్నీ నిండుగా ఉన్నాయి. ఊళ్ళో నా అంత నెట్ ఎవడికీ లేదు.”

“నీ మోడెమ్ వాడుకోవచ్చా? మా అక్కతో మాట్లాడాలి.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. ఆడిలైడ్‌లో ఉంటుంది. దానింట్లో తీగ నెట్. అక్కడ అడ్డేం ఉండదు.”

రస్ పాస్‌వర్డ్ చెప్పాడు. ఇరీనీ ట్యాబ్లెట్‌ని జెర్సీ ముందు, నిన్న రస్ కూర్చున్నానన్న చోటే, నిలబెట్టింది.

అక్క వూలా ముఖం వచ్చింది. “ఏమే, బతికే ఉన్నావా? పండక్కి ఫోన్ చెయ్యాలని…” అని నోరు సగం తెరిచి ఆగిపోయింది. మధ్యలో గుండ్రంగా తిరిగే గుర్తు వచ్చింది. తర్వాత “…అమ్మ అయితే…” అని ఒక ముక్క. మళ్ళీ గుర్తు.

“అక్కా, నేనెలా కనపడుతున్నాను?”

చాలాసేపటికి జవాబొచ్చింది. “…ముక్కు ఒకచోట… చెవి…” అక్కడితో తెగింది.

“ఇప్పుడు నీ ఫోన్‌తో చెయ్యి,” అంది ఇరీనీ.

రస్ చేశాడు. వూలా కొంచెం ఎక్కువసేపు కదిలింది. తర్వాత అదీ ఆగింది. పెనం మీద సాసేజులు మాడుతున్న వాసన వచ్చింది. రస్ అటు చూడలేదు.

“ఇవాళ టవర్‌లో ఏదో పాడైనట్టుంది,” అన్నాడు.

“ఏం పాడవలేదు. నిన్నటికంటే ఇవాళ జనం తక్కువే. పొద్దున్నుంచి కారవాన్లు వెళ్ళిపోతూనే ఉన్నాయి. ఇవాళే ఇలా ఉంటే నిన్న నువ్వు నాలుగు నిమిషాలు ఎలా మాట్లాడావు, రస్?”

“అదృష్టం.”

“నీ వెనక జెర్సీ వేలాడింది ఈ గోడకి కాదు. బండి సీటుకి. అవతలి గట్టున, నెవిల్ షెడ్డు దగ్గర. మీటింగు అయ్యాక దిగి లోపలికి వెళ్ళావు. అందరూ ముక్కలుగా కనపడుతున్నారు కాబట్టి నువ్వు నున్నగా వచ్చావని నీకూ తెలీలేదు. రికార్డింగులో తెలుస్తుందని అసలే తెలీదు.”

రస్ పొయ్యి ఆర్పాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమెకేసి కాకుండా తలుపుకేసి చూశాడు.

“ఒక్కదానివే వచ్చావా?”

“ఎందుకు?”

“ఊరికే అడిగా.”

ఇరీనీ తలుపుకీ అతనికీ మధ్యకి జరిగింది. చేతి సంకెళ్ళు తీసింది. అప్పుడే ఫోన్ మోగింది. జానిస్.

“అమ్మాయ్, చివరిదాకా విన్నా. చెవులు ఊడిపోయాయి. ఇంకొకళ్ళున్నారు. ముఖం, మాట, ఎక్కడా విరగలేదు. వచ్చే వారం టీమ్ మొత్తం చదివాడు, ఒక్క పేరూ పోలేదు.”

“ఎవరు?”

“మన డీనే. వాడి ఇల్లు టవర్ దగ్గర కూడా కాదుగా, బేకరీ వెనకాల. అదే ఆశ్చర్యంగా ఉంది.”

ఇరీనీ రస్‌కేసి చూసింది. అతను ఆ పేరు విన్నాడు. చేతులు తనే ముందుకు చాచాడు.

“నిన్న కత్తిని సాక్ష్యాల సంచిలో వేసింది డీనే,” అంది ఆమె, సంకెళ్ళు బిగిస్తూ. “ఊళ్ళోంచి వచ్చానన్నాడు. అందరికంటే ముందు అక్కడున్నాడు.”

“అమ్మితే వాడికీ వాటా ఇస్తానన్నా,” అన్నాడు రస్. “నెవిల్‌ని బెదిరిద్దామనే వెళ్ళాం. నేను అరిచాను. అంతే, అరిచాను. ఆ తర్వాతది వాడు చేశాడు. కుర్రాడి సంగతేంటని అడిగితే, నేను చూసుకుంటాను, నువ్వు పడుకో అన్నాడు. ఎలా చూసుకుంటావని నేనడగలేదు.”

ఇరీనీ పిల్‌బీమ్‌కి ఫోన్ చేసింది. ఏడు కావడానికి ఇంకా మూడు నిమిషాలుంది.

“ఎడ్విన్‌ని బండి ఎక్కించకండి. డీన్‌ని కదలనివ్వకండి. నిన్న షెడ్డు దగ్గర రెండోవాడు డీన్.”

అవతల కుర్చీ కదిలిన చప్పుడైంది.

“వెళ్ళి ముప్పావుగంట దాటింది,” అన్నాడు పిల్‌బీమ్. “పండగ రద్దీ ఉంటుంది, ముందే బయల్దేరతానన్నాడు. సరేనన్నాను.”

“రేడియోలో పిలవండి.”

“ఉండండి.” అతను పిలవడం ఆమెకి వినపడుతోంది. ఒకసారి, మళ్ళీ, మళ్ళీ. “పలకడం లేదు. కొండోస్, అతని సెల్‌కి చేస్తాను.”

“నేను చేస్తాను. మీరు జిల్లా రోడ్డు మీదకి బండ్లు పంపండి.”

జిల్లా రోడ్డు ఊరు దాటాక ఉప్పు మడుగుల్లో పడుతుంది. అక్కడినుంచి గంటసేపు ఏ టవరూ అందదు. ముప్పావుగంట కిందట బయల్దేరిన బండి ఇప్పటికి ఆ మడుగుల మధ్య ఉండాలి. ఫోన్ మోగకూడదు.

మోగింది.

“చెప్పండి మేడం,” అన్నాడు డీన్, మెల్లగా. మాట పక్క గదిలోంచి వచ్చినంత స్పష్టంగా ఉంది. ఇంజిన్ చప్పుడు లేదు. వెనకాల, ఆల్చిప్పల బుట్టలు నీళ్ళలో ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు. “మడుగుల్లో ఉన్నా. సిగ్నల్ అందడం లేదు. మీరేం చెబుతున్నారో వినపడటం లేదు.”

“డీన్, ఎడ్విన్‌కి ఫోనివ్వు.”

“ఏమీ వినపడటం లేదు మేడం,” అన్నాడు అతను. ఆ తర్వాత ఫోన్ పెట్టేయకుండానే, ఇంకెవరితోనో, “దిగు,” అన్నాడు.

ఇరీనీ వాకిట్లోకి పరిగెత్తింది. అవతలి గట్టుకి నలభై నిమిషాలు.